చెంగమ్మ వంతు

2023 వేసవి. సూళ్లూరుపేట బజారు వీధిలో ఒక కూల్‌డ్రింక్ షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. కింద ఫ్రిజ్‌లు గుర్రుమంటుంటే, పైన మా ఫ్యాను తిరిగీ తిరగనట్టు తిరిగేది. ఆ ఫ్యాను కింద కంప్యూటర్ ముందు కూర్చుని, పొద్దస్తమానం ఎవరెవరో పంపిన నీళ్ల ఫొటోలు చూడటం నా పని. ఇదేం ఉద్యోగమే అని మా అమ్మ చాలాసార్లు అడిగింది. మా సొంతూరు కోటలో మా వాళ్లంతా రొయ్యల చెరువుల మీద బతికినవాళ్లు. నీళ్లను చూడటం వాళ్లకూ తెలుసు. కానీ ఫొటోలో చూస్తే జీతం ఇస్తారంటే మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఆ ఉద్యోగం పేరు డేటా మోడరేటర్. పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే మామూలు మనుషులు తమ నీళ్లను తామే కొలిచి ఫోన్లో పంపేందుకు ఒక పరిశోధన సంస్థ యాప్ తయారుచేసింది. శాస్త్రవేత్తలు రోజూ వచ్చి చూడలేని చోటును, అక్కడే బతికేవాళ్లు చూసి చెప్పడాన్ని సిటిజన్ సైన్స్ అంటారు. తెలుగులో పౌర విజ్ఞానం అని పెద్ద బ్యానర్ రాయించారు. ఆ మాట ఒక్క కుప్పంలో కూడా ఎవరి నోటా పలకలేదు. కుప్పం అంటే మా వైపు జాలర్లు ఉండే ఊరు. యాప్‌కు 'నీటి కబురు' అని పేరు పెట్టాకే మనుషులు దగ్గరికి వచ్చారు. నన్ను యాప్ అక్క అనడం మొదలుపెట్టారు. నా అసలు పేరు అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

పద్ధతి తేలికే. ప్రతి కుప్పం దగ్గరా నీళ్లలో రంగుపట్టీలు వేసిన ఒక కొయ్య పాతాం. పొద్దున్నే నీళ్లు ఏ పట్టీ దాకా ఉన్నాయో చూసి, రొయ్యలో పీతలో పక్షులో ఏం కనిపించాయో రాసి, ఒక ఫొటో తీసి పంపాలి. కింద రిమార్క్స్ అని ఒక చిన్న గడి ఉండేది, ఏదైనా చెప్పాలనుకుంటే అందులో రాయొచ్చు. పంపిన చోటు సరైనదేనా, ఫొటోలో ఉన్నదీ రాసిందీ కలుస్తున్నాయా అని నేను చూసి సరే అనాలి. దీన్ని వెరిఫికేషన్ అంటారు. అనుమానం వస్తే ఫ్లాగ్ చేస్తాం, అంటే ఎర్రజెండా పెట్టి ఆపుతాం.

మొదట్లో ఊళ్లకు ఊళ్లే ఉత్సాహంగా పంపాయి. టీషర్టులిచ్చాం, టోపీలిచ్చాం, సర్టిఫికెట్లు లామినేషన్ చేసి మరీ ఇచ్చాం. టీషర్టు రంగు వెలిసేలోపే చాలామంది మానేశారు. ఆన్‌లైన్ మీటింగుల్లో ఎప్పుడూ ఒకటే గోల, వాలంటీర్ రిటెన్షన్. వచ్చినవాళ్లను నిలబెట్టుకోవడం ఎలా అని అర్థం. ఒకాయన బ్యాడ్జీలు ఇద్దామనేవాడు, ఇంకొకాయన ఆటలాగా పాయింట్లు పెడదామనేవాడు. నేను మ్యూట్‌లో ఉండి టీ తాగేదాన్ని.

కానీ ఒక కుప్పం నుంచి మాత్రం కబురు తప్పలేదు. వానైనా, ఎండైనా, పెళ్లయినా, చావైనా వచ్చేది. పంపేది చెంగమ్మ. మీటింగుల్లో ఆమె పేరు చెప్పి నేను నా సొంత చెల్లెలి గురించి చెప్పుకున్నట్టు గొప్పలు పోయేదాన్ని. నిజానికి ఆమెను నేను చూసింది ఒక్కసారే, ట్రైనింగ్ రోజు. ముందువరసలో కూర్చుంది కాబట్టి ప్రాజెక్టు ఫోన్ ఆమె చేతికిచ్చి, ఆమె నంబరు మీదే అకౌంట్ తెరిచాం. ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీళ్లల్లో పడితే నన్ను అడగబాకండి" అని ఆమె అంటే అందరూ నవ్వారు. అంతే పరిచయం.

ఆ వేసవిలోనే పైనుంచి కబురొచ్చింది. ప్రాజెక్టు గడువు అయిపోయింది, పొడిగించడం లేదు, నీటి కబురు మూసేస్తున్నాం అని. ఇలాంటి యాప్‌లకు పుట్టినరోజు ఘనంగా చేస్తారు. ఆ తర్వాత సర్వర్‌ను, అంటే ఎక్కడో ఉండి దీన్నంతా నడిపే కంప్యూటర్‌ను, ఎవరు పోషిస్తారో ఎవరూ ఆలోచించరు. కాకపోతే మా అదృష్టం కొద్దీ ఇంకో పెద్ద ప్లాట్‌ఫాం మా రికార్డులను తీసుకోవడానికి ఒప్పుకుంది. ఇక్కడి సమాచారాన్ని అక్కడికి మార్చడాన్ని మైగ్రేషన్ అంటారు. మార్చేముందు శుభ్రం చెయ్యాలి. దొంగ అకౌంట్లు, రెండుసార్లు వచ్చినవి, నమ్మలేనివి ఏరి పారెయ్యాలి. ఆ ఏరే పని నాది.

మొదటి రోజే సిస్టం ఒక పేరును ఎర్రజెండాతో నా ముందు పెట్టింది. చెంగమ్మ. ఆమె అకౌంట్ నుంచి పొద్దున్నే సరస్సు ఒడ్డున ఫొటో వస్తోంది. దాదాపు అదే సమయంలో అదే అకౌంట్‌ను ఎవరో మద్రాసు శివార్లలో తెరుస్తున్నారు. ఒక రోజు కాదు, రోజూ. ఒకే మనిషి రెండు చోట్ల ఉండటం కుదరదు కాబట్టి ఇందులో ఏదో మోసం ఉందని కంప్యూటర్ తేల్చేసింది. ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకుని ఊరేగించిన మనిషి ఇలా చేసిందా అని నాకు ఒళ్లు మండింది. వెంటనే ఫోన్ చేశాను.

"చెంగమ్మా, నేను సూళ్లూరుపేట నుంచి. ఎక్కడున్నావు?"

"యాడుంటానక్కా, నీళ్లకాడే ఉండాను."

అంతలో ఆమె వెనక నుంచి ఒక ఆడగొంతు, తలుపులు మూసుకుంటున్నాయని ఇంగ్లీషులో ముద్దుముద్దుగా చెప్పింది.

"నీళ్లలో లిఫ్టు ఎప్పుడు పెట్టారు చెంగమ్మా?" అన్నాను.

గొంతు తగ్గించి, "తిట్టబాకక్కా" అంది. "మద్రాసులో ఉండాము. మా ఆయన ఈ అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. నేను మెట్లు ఊడ్చి కడగతా. కిందనే రూమిచ్చినారు."

"ఎందుకెళ్లారు?"

"మొగ పూడింది గదా. నీళ్లు లోపలికి పొయినాయి. మగోళ్లకన్నా పడవేసుకుని లోతుకి పొయ్యేదానికి ఉంటది. నేను బుట్ట నడుముకి కట్టుకుని చేత్తో రొయ్యలు ఏరేదాన్ని. మోకాటి నీళ్లుంటేనే నా పని. ఆ నీళ్లు పొయినాక ఆడ ఏం జేసేది?"

మొగ అంటే సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే ముఖద్వారం. అది ఇసుకతో పూడిపోతే మొదట ఎండేది ఒడ్డే. ఒడ్డున పని చేసేది ఆడవాళ్లు. ఇది నా కంప్యూటర్లో గ్రాఫుగా ఎన్నోసార్లు చూశాను. మనిషి గొంతులో వినడం అదే మొదలు.

"మరి రోజూ నీ పేరుతో పంపేదెవరు?"

"మా వాళ్లే. నేను చూసుకుంటా. పొద్దన్నే మెట్లు కడిగి, మోటారేసి, అప్పుడు ఫోన్ తీస్తా. నీళ్లు యాడిదాకా ఉండాయో చూసినాకనే కాఫీ తాగేది. ఈడ ట్యాంకర్లో వచ్చేవే నీళ్లు. వాటిని చూస్తే నాకు నీళ్లు అనిపించదక్కా."

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. కానీ ఎర్రజెండా అలాగే ఉంది కాబట్టి మర్నాడే ఆ కుప్పానికి షేర్ ఆటో ఎక్కాను.

ఆ ఎండల్లో సరస్సు ఒడ్డంతా ఉప్పు పొంగి తెల్లగా ఉంది. మా కొయ్య బురద మధ్య నిలబడి ఉంది. దాని మొదట్లో నాలుగు వేళ్ల నీళ్లున్నాయి. చెంగమ్మ పక్కింటి రమణమ్మ వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. ప్రాజెక్టు ఫోన్ ఆమె ఇంట్లోనే ఛార్జింగ్‌లో ఉంది. ఊరిపెద్ద సోమయ్యను కూడా పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాను. దొరికిపోయినవాళ్ల ముఖాలు ఎలా ఉంటాయో చూద్దామనుకున్నాను. వాళ్లు మామూలుగానే ఉన్నారు.

"చెంగమ్మ లేకుండా చెంగమ్మ పేరుతో ఎలా పంపుతారు?" అన్నాను.

"ఆయమ్మ లేదు గాబట్టే గదా పంపతాండాం," అంది రమణమ్మ. నాకు ఇంత చిన్న విషయం అర్థం కానందుకు ఆశ్చర్యపోయింది.

సోమయ్య నెమ్మదిగా చెప్పాడు. ఆ కుప్పంలో సరస్సు ఎవరి సొంతమూ కాదు. ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో ఇంటికొక వంతు. ఎవరైనా ఊళ్లో లేనప్పుడు వాళ్ల వంతు వస్తే దాన్ని వదిలెయ్యరు. ఇరుగుపొరుగు వాళ్లు ఆ ఇంటి పేరు చెప్పి నీళ్లలోకి దిగుతారు. దాన్ని పేరు నిలబెట్టడం అంటారు.

"మద్రాసు పొయినా ఆయమ్మ ఇల్లు ఈడనే గదా ఉండాది," అన్నాడు. "వంతు తప్పితే పేరు పడిపోతాది. ఒకతూరి పడిపోతే మళ్లా ఎక్కించేదానికి ఎంత పంచాయితీనో నీకు తెలవదమ్మా. ఫోన్ పని మీరు చెంగమ్మకి ఇచ్చినారు. అది ఆయమ్మ వంతు. ఆయమ్మ వచ్చేదాకా మేం నిలబెట్టాల."

అంటే కొయ్య దగ్గరికి రోజుకొక ఇంటివాళ్లు పోతున్నారు. అప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. చెంగమ్మ కబుర్లు ఒక్కో రోజు ఒక్కోలా ఉండేవి. ఒక రోజు గూడబాతులు తప్ప ఇంకేమీ ఉండవు, మర్నాడు పక్షుల ఊసే ఉండదు, ఆ మర్నాడు పీతల గురించి పేరా. ఈమెకు నిలకడ లేదు గానీ మంచి మనిషి అని నాలో నేను అనుకునేదాన్ని. ఆ ఒక్క మనిషిలో ఊరంతా ఉందని నాకెలా తెలుస్తుంది?

సూళ్లూరుపేటకు తిరిగొచ్చి కొత్త ప్లాట్‌ఫాం తరఫున మైగ్రేషన్ చూస్తున్న అనితతో మాట్లాడాను. తెలుగమ్మాయే. మర్యాదస్తురాలు. నేను చెప్పిందంతా మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

"అక్కా, నాకు అర్థమైంది," అంది. "కానీ మా దగ్గర ఒక మనిషికి ఒక అకౌంట్. రేపు ఎవరైనా ఈ రికార్డులు వాడుకుంటే, ఎవరు కొలిచారని అడుగుతారు. చెంగమ్మ అని చెప్తే అబద్ధమే కదా."

అబద్ధమే.

"ఒక దారి ఉంది," అందామె. "గ్రూప్ అకౌంట్. కుప్పం పేరు మీద మార్చేద్దాం. రికార్డులన్నీ ఉంటాయి. ఆమె పేరు మాత్రం తీసెయ్యాలి. అలా కాకపోతే ఆ అకౌంట్ మొత్తం మేం తీసుకోలేం."

ఆ కుప్పం రికార్డు మామూలుది కాదు. సరస్సు ఉత్తరపు ఒడ్డున ఒక్క రోజూ తెగకుండా ఉన్నది అదొక్కటే. మొగ తవ్వించమని ఊళ్లవాళ్లు అర్జీలు పెడుతూనే ఉన్నారు. నీళ్లు ఎప్పుడు పోయాయో, ఎంత పోయాయో చూపించడానికి వాళ్ల చేతిలో ఉన్నది ఇదే. అది పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఆదివారం చర్చి నుంచి నేరుగా కుప్పానికి వెళ్లాను. వలలు ఆరేసే పాక కింద జనం చేరారు. పేరు తీసెయ్యాలనగానే గొణుగుడు మొదలైంది. సోమయ్య చెయ్యెత్తి ఆపాడు.

"వంతు వదులుకునేది ఎవురి నోటితో వాళ్లు చెప్పాల. మేం చెప్పేది కాదు," అన్నాడు.

రమణమ్మ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నేను జరిగిందంతా చెప్పాను. చెంగమ్మ ఏమంటుందోనని ఒకరిద్దరు ఫోన్ వైపు వంగారు.

"నేనేం తప్పు జేసినా?" అంది.

"తప్పేం లేదు చెంగమ్మా. వాళ్ల రూలు అది."

"పేరు తీసేస్తే నాకు ఇంక ఆడ ఏముందక్కా? ఇల్లు కప్పు కారతాంది. బుట్ట రమణమ్మకి ఇచ్చినా. ఆ ఫోన్లో నా పేరు చూసుకున్నప్పుడే నేనింకా నీళ్లల్లో ఉండానని అనిపిస్తాది. పొద్దన్నే చూస్తానా, చెంగమ్మ, నీళ్లు రెండో పట్టీ దాకా, అని ఉంటాది. అబ్బ, నేను పొయ్యొచ్చినాలే అనుకుంటా."

పాకలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కంప్యూటర్ మీద చేసే పనుల్లో తీసెయ్యడమే అన్నిటికన్నా తేలికైనది, ఒక్క నొక్కుడు. ఆ రోజు ఆ పని నా వల్ల కాదనిపించింది. ఫోన్ పెట్టేసి వెళ్లిపోదామా అనుకున్నాను.

సోమయ్య ఫోన్ దగ్గరికి జరిగాడు. "మే, చెంగమ్మా. నీ పేరు పెట్టుకుంటే నీళ్ల లెక్కంతా పోతాదంట. లెక్క పోతే మొగ తవ్వమని ఏం జూపించి అడగతాం? మొగ తవ్వితేనే గదా నువ్వు వచ్చేది."

ఫోన్లో దూరంగా ఎవరో వాచ్‌మన్‌ని కేకేస్తున్న చప్పుడు వినపడింది.

"సరే, తీసెయ్యండి," అంది చెంగమ్మ. "నేను వచ్చినాక మళ్లా రాసుకుంటా. వల వంతు మాత్రం ఇడవబాకండి."

"అది ఇడిస్తే నన్నడుగు," అన్నాడు సోమయ్య.

ఆ వారంలోనే పేరు మార్చాను. నీటి కబురు ఆఖరి రోజున మా తెర మీద సరస్సు మ్యాపు, దాని చుట్టూ ఊరికొక నీలం చుక్క ఉన్నాయి. సర్వర్ ఆపగానే మ్యాపు తెల్లబడిపోయింది. అన్నేళ్లూ పొద్దున లేవగానే నేను చూసింది ఆ చుక్కల్నే. మర్నాడు పొద్దున్నే అలవాటుగా ఫోన్ తీసి ఆ యాప్ నొక్కాను. తెరుచుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినందుకు కాదు, ఉద్యోగాలు వస్తాయి పోతాయి. ఆ రోజు నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో నాకు తెలియదు, అందుకు.

తర్వాత రైల్వేస్టేషన్ దగ్గర ఒక నెట్ సెంటర్లో చేరాను. ఆధార్ మార్పులు, కరెంటు బిల్లులు, రైలు టికెట్లు. వానాకాలం అయిపోయే రోజుల్లో అనిత మెయిల్ రాసింది. పాత రికార్డులు భద్రంగా ఉన్నాయి గానీ కుప్పం నుంచి కొత్తవి రావడం లేదక్కా, మొదట్లో కొన్నాళ్లు వచ్చి ఆగిపోయాయి, ఫోన్ పాడైందా అని. నేను జవాబు రాసేలోపే ఒక ఫోన్ వచ్చింది.

"అక్కా, కొత్తదాంట్లో మా కుప్పం పేరు కొట్టి చూస్తాండా. ఏమీ ఉండటం లేదు," అంది చెంగమ్మ. "ఆడ నీళ్లు లేవా, మనుషులు లేరా?"

ఆ మాట నన్ను ఆ పూట పని చేయనివ్వలేదు. ఓనరుకు చెప్పి బయల్దేరాను.

ఊరు దగ్గరపడుతుండగానే గాలి తేడా తెలిసింది. తుపాను వానలకు వాగులు పొంగి, వరద సముద్రంలోకి తోసుకుపోతూ మొగలో ఇసుకను కోసేసిందట. వేసవిలో ఉప్పు పొంగిన చోటంతా ఇప్పుడు నీళ్లు. మా కొయ్య పైపట్టీ దాకా మునిగి ఉంది. ఆడవాళ్లు నడుములకు బుట్టలు కట్టుకుని, వంగి, నీళ్లలో చేతులాడిస్తున్నారు. వాళ్లలో రమణమ్మ ఒకతి. నన్ను చూసి గట్టుకు వచ్చింది.

"ఇన్ని నీళ్లొస్తే కబురు పంపలేదేం?" అని గదమాయించాను.

"ఎవురికని పంపేది?" అంది. "ముందు చెంగమ్మ చూస్తాదని పంపతా ఉంటిమి. ఆ కొత్తదాంట్లో చూసేదెవురో మాకేం తెలుసు? ఆయమ్మ పేరు తీసినాక ఆయమ్మ చూడదనుకున్నాం. వంతు చెప్పినా ఎవురూ లేస్తా లేరు."

ఇన్నేళ్ల మీటింగుల్లో మేం వెతుకుతున్న జవాబు ఆమె మోకాటి దాకా తడిసిన చీరతో నిలబడి చెప్పేసింది. ఇలాంటి యాప్‌లు నడవాలంటే సర్వర్ ఉండాలి, పోషించేవాళ్లు ఉండాలి, అది నిజమే. కానీ పంపే మనిషికి అవతల ఒక ముఖం కనిపించాలి. ఈ కుప్పం వాళ్లు అన్నాళ్లూ సైన్స్‌కు పంపలేదు, చెంగమ్మకు పంపారు. సైన్స్‌కు కావలసింది కూడా ఆ దారినే వచ్చింది. మేం దారి మూసి, కబురు ఎందుకు ఆగిందని అడుగుతున్నాం.

"చెంగమ్మ చూస్తోంది. పొద్దున్నే నాకు ఫోన్ చేసింది," అన్నాను. "పోనీ మీరు ఫోన్ చేసైనా నీళ్లొచ్చాయని చెప్పొచ్చు కదా?"

రమణమ్మ తల దించుకుంది. "మాట్లాడతానే ఉంటాం. జొరాలు, పెళ్లిళ్లు అన్నీ చెప్పుకుంటాం. నీళ్ల మాట మటుకు ఎత్తం. నీళ్లొచ్చినాయంటే ఆయమ్మ ఆడ ఒక పూట ఉంటదా? పని ఇడిచిపెట్టి వచ్చేస్తాది. మళ్లా మొగ పూడితే? ఆ రూము ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా నోటితో పిలిచి ఆయమ్మని నీళ్లల్లో దించి, రేపు బురదలో నిలబెట్టేదా?"

అంతలోనే నా చేతిలో ఫోన్ మోగింది. చెంగమ్మ, వీడియో కాల్. రమణమ్మ వద్దన్నట్టు తలూపింది. చూపిస్తే ఆమె మనసు ఆగదు. చూపించకపోతే, పొద్దున ఆమె అడిగిన మాటకు నేనేం చెప్పాలి? మనుషులు లేరని చెప్పాలా?

ఎత్తి, ఏమీ మాట్లాడకుండా కెమెరాను సరస్సు వైపు తిప్పాను.

గాలికి ఫోన్ గరగరమంది. తర్వాత చెంగమ్మ చిన్న గొంతుతో, "ఇంకొంచెం లోపలికి పో అక్కా," అంది.

చెప్పులిప్పి దిగాను. నాలుగడుగులు వేసేసరికి కాళ్లు బురదలో దిగబడి తూలాను. మా చెరువు గట్ల మీద నడిచిన కాళ్లకు ఈ నేల తెలియదు. వద్దని తలూపిన రమణమ్మే వచ్చి నా చేతిలో ఫోన్ లాక్కుంది. నీళ్లను తోసుకుంటూ, కొయ్య దాటి, నడుం లోతు దాకా నడిచింది. అక్కడ ఆగి, ఒక చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి నీళ్లలో ముంచి తడిమి, పిడికిలి పైకి తీసి కెమెరా ముందు విప్పింది. అరచేతిలో రొయ్య ఎగిరెగిరి పడుతోంది.

"చూసినావామే?" అని అరిచింది. ఫోన్లోంచి వచ్చింది ఏడుపో నవ్వో గట్టు మీద ఉన్న నాకు తెలియలేదు.

చెంగమ్మ ఇంకా రాలేదు. వస్తానని అంటూనే ఉంది. వద్దని వీళ్లు అంటూనే ఉన్నారు. మర్నాటి నుంచి కుప్పం కబుర్లు మాత్రం మళ్లీ మొదలయ్యాయి, కొత్త ప్లాట్‌ఫాంలో, కుప్పం పేరుతో, ఇంటికొక వంతున. రెండు నెలలు గడిచాక అనిత ఫోన్ చేసింది. కబుర్లు బ్రహ్మాండంగా వస్తున్నాయక్కా అని మెచ్చుకుని, ఒక సందేహం అడిగింది.

"రిమార్క్స్‌లో రోజూ ఒకటే ఉంటోంది, 'చెంగమ్మా, చూడు' అని. నీళ్లకీ చేపలకీ సంబంధం లేని మాట కదా. డేటా శుభ్రం చేసేటప్పుడు దాన్ని తీసేస్తాం, పర్లేదా?"

"దాన్ని ముట్టుకోవద్దు అనితా," అన్నాను. "అది తీసేస్తే మిగతావి కూడా రావు."